రాతిలో ఆటవెలది
(నర్తకీ శిల్పాలను గురించి హాస్టల్ సీనియర్ విద్యార్థినులు రాసిన పాఠం)

పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవంలో ఒక అంశం జరగలేదు. ఆహ్వానపత్రికలో దాని పేరు ఉంది, వేదిక మీద మాత్రం లేదు. ఎందుకు జరగలేదో ఆ రోజు ఉన్నవారికి తెలుసు. పాత విద్యార్థినులైన అక్కలకు, ఈ ఏడాది కొత్తగా చేరిన చెల్లెళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాం.

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక చెల్లి కూచిపూడి తరంగం చేయాలనుకుంది. ఇంటి నుంచి ఇత్తడి పళ్లెం తెచ్చుకుంది. నెల రోజుల పాటు సాయంత్రం చదువు గంట అయ్యాక, డైనింగ్ హాల్లో బల్లలు పక్కకు జరిపి, ఆ పళ్లెం అంచు మీద నిలబడడం సాధన చేసింది. సభ రోజున గజ్జెలు కట్టుకుని తెర వెనక సిద్ధంగా ఉంది. అప్పుడు, చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి పక్కవాళ్లతో "చదువుకోమని పంపిస్తే ఈ సాని ఆటలేమిటి?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ ఆ మాట తెర వెనక్కి వినబడింది. చెల్లి కూర్చుని గజ్జెలు విప్పేసింది. మేమంతా ఎంత బతిమాలినా వేదిక ఎక్కలేదు.

మాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. మర్నాడు మా తెలుగు మేడమ్‌తో చెప్పుకుంటే ఆమె ఒక్క మాటే అన్నారు. "ఆ మాటకు అర్థం ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. ముందు మీరు తెలుసుకోండి." ఈ ఏడాదంతా గ్రంథాలయంలో చదివి, పెద్దలను అడిగి, కొన్ని చోట్లకు వెళ్లి చూసి తెలుసుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాం.

1. ముందుగా ఆ మాట

"సాని" అనే మాట "స్వామిని" అనే సంస్కృత పదం నుంచి వచ్చిందని చెబుతారు. స్వామిని అంటే యజమానురాలు. దొరసాని అన్నప్పుడు మనం ఎవరినీ తిట్టడం లేదు. మన అమ్మలకు పురుడు పోసిన మంత్రసానిని తలచుకున్నప్పుడు చేతులు జోడిస్తాం తప్ప నవ్వం. కాకతీయుల తొలినాళ్లలో పసివాడైన బేతరాజు పక్షాన నిలిచి, చక్రవర్తి దగ్గరకు వెళ్లి, ఆ వంశాన్ని నిలబెట్టిన స్త్రీ పేరు విరియాల కామసాని. ఈ సంగతి గూడూరు శాసనంలో ఉంది. అంటే వెయ్యేళ్ల కిందట "సాని" అనేది పెద్ద ఇంటి ఆడవారి పేరు చివర గౌరవంగా చేర్చే మాట.

ద్రాక్షారామం, చేబ్రోలు వంటి చోట్ల ఆలయాల్లో ఆడిపాడే స్త్రీలను కూడా శాసనాలు సానులు అనే పిలిచాయి. వారికి "సాని మున్నూరు" అనే సంఘం ఉండేది. మున్నూరు అంటే మూడు వందలు. దేవుడికి అఖండ దీపం పెట్టించిన దాతల్లో ఈ సానులు కూడా కనిపిస్తారు. దానం చేయాలంటే చేతిలో ఆస్తి ఉండాలి. శాసనంలో పేరు ఎక్కాలంటే ఊళ్లో విలువ ఉండాలి. ఆ రోజుల్లో ఆ రెండూ వారికి ఉన్నాయి.

ఇంకో మాట చూడండి. వేమన పద్యాలు మనందరికీ నోటికి వచ్చు. అవి ఎక్కువగా ఏ ఛందస్సులో ఉన్నాయని పరీక్షలో అడిగితే "ఆటవెలది" అని రాసి మార్కు తెచ్చుకుంటాం. ఆటవెలది అంటే ఆడే స్త్రీ, నర్తకి. ఒకటో తరగతి నుంచి నర్తకి పేరున్న పద్యం చదువుతూ, నర్తకి పేరుతో ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. ఈ సంగతి తెలిసిన రోజున మేము చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

2. రాయి లేని సీమ

మనది ఒండ్రునేల. దివిసీమలో బావి తవ్వినా, చెరువు తవ్వినా మట్టి, ఇసుక వస్తాయి గానీ బండ రాదు. అందుచేత మన వైపు చెక్కిన రాయి ఎక్కడ కనబడినా అది వేరే చోటి నుంచి వచ్చిందని అర్థం. ఘంటసాల బౌద్ధ శిల్పాలకు వాడినది పలనాటి సున్నపురాయి. ఆ శిల్పాల్లో కొన్ని ఇప్పుడు పారిస్ నగరంలోని గీమే మ్యూజియంలో ఉన్నాయి.

మన మచిలీపట్నానికి కూడా ఈ కథలో చోటుంది. 1830 ప్రాంతంలో ఇక్కడ పనిచేసిన రాబర్ట్‌సన్ అనే దొర అమరావతి స్తూపం నుంచి చెక్కడపు రాళ్లు కొన్ని తెప్పించి, కొత్తగా కట్టిన బజారులో అలంకారంగా నిలబెట్టించాడు. ఇప్పటికీ మనం రాబర్ట్‌సన్ పేట అంటున్నది ఆయన పేరు మీదే. తరువాత ఆ రాళ్లు మద్రాసు మ్యూజియానికి చేరాయి. అమరావతి శిల్పాల్లో స్త్రీలు గుంపుగా ఆడుతూ పాడుతూ, వాద్యాలు వాయిస్తూ ఉన్న దృశ్యాలు ఉన్నాయి. అవి సుమారు 1,800 ఏళ్ల నాటివి. అంటే మన తెలుగు నేల మీద రాతిలో నర్తకి కనబడడం మధ్యయుగంలో మొదలైనది కాదు. మధ్యయుగంలో, అంటే తూర్పు చాళుక్యుల నుంచి కాకతీయుల వరకు, అది బాగా పెరిగింది. బెజవాడలో తూర్పు చాళుక్యుల నాటి శిల్పాల్లో నర్తకులు, వాద్యకారులు ఉన్నారు. తరువాత ఓరుగల్లు సీమలో ఈ కళ పతాకస్థాయికి చేరింది.

3. శిల్పాన్ని చదవడం

గుడికి వెళ్లినప్పుడు స్తంభం మీద బొమ్మ చూసి "బాగుంది" అని ముందుకు నడిచిపోతాం. మేమూ అంతే. శిల్పాన్ని కూడా పాఠంలాగా చదవవచ్చునని తరువాత తెలిసింది. చెల్లెళ్లు తేలికగా గుర్తుంచుకోవడానికి వరుసగా రాస్తున్నాం.

మొదట పాదాలు చూడాలి. రెండు పాదాలూ నేల మీద ఆనించి ఉంటే ఆమె నిలబడి ఉన్నట్టు. ఒక పాదం మడమ లేచి వేళ్ల మీద ఉన్నా, ఒక కాలు రెండో కాలికి అడ్డంగా వచ్చినా, మోకాళ్లు పక్కలకు వంగి ఉన్నా ఆమె ఆడుతున్నట్టు. మోకాళ్లు పక్కలకు వంచి ఉండడాన్ని మన నాట్య గురువులు అరమండి అంటారు.

తరువాత నడుము. తల ఒక వైపు, నడుము ఒక వైపు, మోకాలు ఒక వైపు వంగితే దాన్ని త్రిభంగి అంటారు. త్రిభంగి ఉన్నంత మాత్రాన నర్తకి అనుకోకూడదు, దేవతలు కూడా ఆ భంగిమలో నిలబడతారు.

ఆ తరువాత చేతులు. ఏనుగు తొండంలాగా ఒక చెయ్యి ఒంటికి అడ్డంగా చాచి ఉంటే అది గజహస్తం. చెయ్యి, కాలు, ఒళ్లు మూడూ కలిసి ఏర్పడే కదలికకు కరణం అని పేరు. భరతుని నాట్యశాస్త్రంలో 108 కరణాలు ఉన్నాయి. తమిళనాడులోని చిదంబరం గోపురాల్లో ఈ కరణాలను స్త్రీ రూపాలతో చెక్కి, పక్కన శ్లోకాలు కూడా రాశారు.

చివరగా చుట్టుపక్కల చూడాలి. పక్కన మద్దెల వాయించేవాడు, తాళాలు పట్టినవాడు, పిల్లనగ్రోవి ఊదేవాడు ఉంటే అది నాట్యమే, సందేహం లేదు. చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడిన స్త్రీ ఉంటే ఆమె సాలభంజిక. అద్దం చూసుకుంటున్న స్త్రీ దర్పణసుందరి. కర్ణాటకలోని బేలూరులో ఇలాంటి అద్దం సుందరి ప్రసిద్ధి. అందమైన ప్రతి స్త్రీ బొమ్మా నర్తకి కాదని దీనివల్ల తెలుస్తుంది.

మనం గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. నాట్యం కదులుతుంది, రాయి కదలదు. కదిలేదాన్ని కదలనిదానిలో చూపాలంటే శిల్పి ఒక్క క్షణాన్ని ఎంచుకోవాలి. అడుగు లేచి ఇంకా దిగని క్షణాన్ని ఎంచుకుంటే చూసేవాడు మిగతాది తన మనసులో పూర్తి చేసుకుంటాడు. ఎగిరే పైట కొంగు, ఊగే హారం, పక్కకు జరిగిన జడ వంటివి చెక్కడం కూడా ఇందుకోసమే. నాట్యాన్ని దగ్గర నుంచి, మళ్లీ మళ్లీ చూసినవాడు మాత్రమే అలా చెక్కగలడు.

4. దివిసీమ నుంచి వచ్చిన నాట్యగ్రంథం

ఈ భాగం రాస్తుంటే మాకు చాలా గర్వంగా ఉంది. మధ్యయుగంలో తెలుగు నేల మీద నాట్యం గురించి వచ్చిన గొప్ప గ్రంథం "నృత్తరత్నావళి". దాన్ని రాసిన జాయప సేనాని మన దివిసీమను ఏలిన అయ్య వంశం వాడు. 13వ శతాబ్దం మొదట్లో కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించాడు. ఓడినవారిని నాశనం చేయకుండా, జాయప అక్కచెల్లెళ్లు నారాంబను, పేరాంబను పెళ్లి చేసుకున్నాడు. చిన్నవాడైన జాయపను తన దగ్గర ఉంచుకుని, గుండామాత్యుని దగ్గర నాట్యవిద్య చెప్పించాడు. పెద్దయ్యాక గజసేనకు అధిపతిని చేశాడు.

యుద్ధంలో ఏనుగులను నడిపిన ఈ మనిషి 1253-54లో నృత్తరత్నావళి పూర్తిచేశాడు. గ్రంథం సంస్కృతంలో ఉంది. మొత్తం 8 అధ్యాయాలు. మొదటి 4 అధ్యాయాల్లో మార్గం, అంటే శాస్త్రంలో ఉన్న పాత పద్ధతి ఉంది. తరువాతి 4 అధ్యాయాల్లో దేశి, అంటే ఊళ్లలో జనం ఆడుకునే పద్ధతులు ఉన్నాయి. ఇందులోనే పేరణి, రాసకం, చర్చరి, దండరాసకం, కందుకం, గొండలి, చిందు వస్తాయి. దండరాసకం కర్రలతో ఆడేది, మనం కోలాటం అనే ఆట దీనికి దగ్గర బంధువు. కందుకం బంతితో ఆడేది.

చిందు అనే పేరు దగ్గర మేము ఆగిపోయాం. మాలో కొందరి ఇళ్లలో ఆ మాటను పెద్దవాళ్లు గట్టిగా పలకరు, తక్కువ కులం ఆట అంటారని భయం. 770 ఏళ్ల కిందట ఒక సేనాపతి దాన్ని శాస్త్రగ్రంథంలో పెట్టి దేశి నృత్తాల వరుసలో గౌరవంగా రాశాడు. ఆయనకు సిగ్గు అనిపించలేదు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ గారు జీవితమంతా చిందు భాగవతం ఆడి, 2005లో కన్నుమూసే నాటికి రాష్ట్రమంతటా పేరు తెచ్చుకున్నారు.

నృత్తరత్నావళిని డాక్టర్ వి. రాఘవన్ గారు పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. జాయప కట్టించిన గుడి నాగాయలంక మండలం గణపేశ్వరంలో ఉంది. తన రాజు గణపతిదేవుని పేరే ఆ దేవునికి పెట్టాడు. అక్కడి శాసనం 1231 నాటిది. గుంటూరు జిల్లా చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయం కట్టించాడు, అక్కడి శాసనం 1213 నాటిది. నాగాయలంక నుంచి వచ్చి మాతో చదువుతున్న ముగ్గురు చెల్లెళ్లు గణపేశ్వరం గుడికి చిన్నప్పటి నుంచి వెళుతున్నారు. ఆ గుడి కట్టించినది ఎవరో ఈ ఏడాదే తెలిసిందని చెప్పారు.

5. రామప్పలో ఒక రోజు

పాత విద్యార్థినులైన అక్కలు తలా కొంత వేసుకుని బస్సు మాట్లాడితే, సంక్రాంతి సెలవులయ్యాక మేము పాలంపేట వెళ్లాం. ములుగు జిల్లాలోని రామప్ప గుడి అదే. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి శాసనం కూడా 1213 నాటిదే. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

గోడలు ఎర్రని ఇసుకరాతివి. స్తంభాలు, నర్తకీమూర్తులు మాత్రం నల్లని గట్టి రాతివి. చూరు కింద, మూడు ద్వారాల దగ్గర, మనిషంత ఎత్తున 12 మంది స్త్రీమూర్తులు ముందుకు వంగి నిలబడి ఉన్నారు. వీరిని మదనికలు అంటారు. ఒకామె కాళ్లకు ఎత్తు చెప్పులు ఉన్నాయి. అది చూసి మా వాళ్లంతా "అప్పుడే హీల్స్ ఉన్నాయా!" అని నవ్వారు. లోపలి స్తంభాల మీద చిన్న చిన్న పలకల్లో నర్తకులు, మద్దెల వాయించేవారు వరుసగా ఉన్నారు. మేము పైన రాసిన పద్ధతిలో పాదాలు, నడుము, చేతులు, చుట్టుపక్కలు అంటూ ఒక్కొక్కరం ఒక్కొక్క స్తంభం తీసుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాం.

రామప్ప శిల్పాలు నృత్తరత్నావళిని చూసి చెక్కినవని చాలామంది అంటారు. సంవత్సరాలు చూడండి. గుడి 1213, గ్రంథం 1253-54. గుడి 40 ఏళ్లు ముందు. అందుచేత శిల్పులు ఆ గ్రంథం చదివి చెక్కారనడం కుదరదు. ఆ కాలంలో ఆడిన స్త్రీలను శిల్పులు చూశారు, జాయప కూడా చూశాడు. శిల్పులు రాతిలో పెట్టారు, ఆయన శ్లోకంలో పెట్టాడు. రెండింటికీ మూలం ఆడిన మనుషులే. మేము ఈ ఏడాది నేర్చుకున్న పాఠాల్లో ఇదే ముఖ్యమైనది. గ్రంథానికి కర్త పేరు ఉంది, గుడికి కట్టించినవాని పేరు ఉంది. గ్రంథానికీ, గుడికీ కూడా ఆధారమైన ఆ ఆడవారి పేర్లు మాత్రం ఆ రాళ్ల కింద రాసి లేవు.

20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు ఈ శిల్పాలను, నృత్తరత్నావళిని ఆధారం చేసుకుని పేరిణిని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. ఆలయాల్లో ఆడిన వృద్ధ కళావంతులను వెతికి కలిసి, వారి దగ్గర మిగిలిన విద్యను ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు. రాయి, గ్రంథం, బతికి ఉన్న మనుషుల జ్ఞాపకం మూడూ కలిస్తేనే ఆ పని జరిగింది.

6. పేర్లు దొరికాయి

రామప్ప స్తంభాల కింద పేర్లు లేకపోయినా వేరే చోట్ల కొన్ని పేర్లు దొరికాయి. తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు, 900 ప్రాంతంలో, చల్లవ అనే కళావతికి అత్తిలిలో వెయ్యి పోకచెట్ల తోట ఇచ్చాడు. ఆమె సంగీతంలో ప్రవీణురాలని ఆ శాసనం చెబుతుంది.

10వ శతాబ్దంలో రెండవ అమ్మరాజు కాలంలో చామెకాంబ అనే గణిక ఉండేది. ఆమె జైన గురువు అర్హనందికి శిష్యురాలు. ఆమె కోరిక మీద రాజు కలుచుంబర్రు అనే ఊరిని ఒక జైనాలయానికి దానం ఇచ్చాడు. ఆ దానం ఎందుకో తెలుసా? అక్కడి అన్నసత్రం భోజనశాల మరమ్మతుల కోసం. ఈ వాక్యం చదివినప్పుడు మేము డైనింగ్ హాల్లోనే కూర్చుని ఉన్నాం. మన డైనింగ్ హాలు పైకప్పు కారినప్పుడల్లా ఎన్ని అర్జీలు పెట్టామో అందరికీ తెలుసు. వెయ్యేళ్ల కిందట ఒక ఆటవెలది, పరాయివాళ్లు అన్నం తినే చోటు గురించి ఆలోచించి రాజును అడిగింది.

తంజావూరు పెద్ద గుడిలో రాజరాజ చోళుడు 1014 ప్రాంతంలో వేయించిన శాసనం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. వేర్వేరు ఊళ్ల ఆలయాల నుంచి రప్పించిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, ఎవరు ఏ గుడి నుంచి వచ్చారో, ఎవరికి ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఇచ్చారో అందులో చెక్కారు. ఒక్కొక్కరికి ఏడాదికి 100 కలాల ధాన్యం. మన హాస్టల్ హాజరు పట్టీలో పేరు, ఊరు, గది నంబరు ఉన్నట్టే ఉంది.

7. రాయి చెప్పని సంగతి

ఇంతవరకు చదివినవారు ఆ కాలం స్వర్గమని అనుకోకూడదు. రాతిలోని నర్తకి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఆమె నడుము ఎంత సన్నగా ఉండాలో శిల్పి నిర్ణయించాడు, ఖర్చు పెట్టినవాడు మెచ్చుకున్నాడు. ఆమె మాట ఆమె నోటితో రాసినది మనకు దొరకదు. గుడికి ఇచ్చేటప్పుడు ఆ చిన్నపిల్లను ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా? రాజులు పోయి, మాన్యాలు పోయాక, గౌరవం పోయి కట్టుబాటు మాత్రం మిగిలింది. సాని అనే మాట అప్పుడే తిట్టుగా దిగజారింది. ఆ స్త్రీలను ఆ స్థితికి తెచ్చినవారి మీద ఏ తిట్టూ పుట్టలేదు.

ఈ ఆచారం పోవాలని కందుకూరి వీరేశలింగం గారు పోరాడారు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో ఈ విషయం లేవనెత్తారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లతో ఆడపిల్లలను వదిలే ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఆ ఆచారానికి బలైన పిల్లల్లో ఎక్కువమంది మన దళిత వాడల పిల్లలే. కాబట్టి ఆచారం పోవడం మంచిదే, పూర్తిగా పోవాలి కూడా. పోవలసినది బలవంతం. నాట్యం తప్పు చేయలేదు.

మచిలీపట్నం నుంచి బస్సెక్కితే గంట ప్రయాణంలో కూచిపూడి వస్తుంది. ఆ పక్కనే క్షేత్రయ్య గారి మువ్వ. కూచిపూడి భాగవత మేళాల్లో చాలాకాలం మగవారే స్త్రీ వేషాలు వేశారు. సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పేరుపొందారు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, వెంపటి చినసత్యం వంటి గురువులు స్త్రీలకు నేర్పడంతో ఆడవారు కూచిపూడి వేదిక ఎక్కారు. అంటే, ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాతి మీద ఆడుతున్న స్త్రీ, ఈ మేళాల వేదిక మీదికి నిన్నగాక మొన్న వచ్చింది. మన చెల్లి గజ్జెలు విప్పడం చిన్న విషయం కాదని మేము అనడానికి కారణం ఇదే.

8. గుడివాడ దిబ్బ

చివరగా ఒక ఊరి సంగతి. గుడివాడలో పాత బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. 1894లో అచ్చయిన అలెగ్జాండర్ రే పుస్తకంలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల వివరాలు ఉన్నాయి. ఆ గుడివాడ దిబ్బకు జనం పెట్టిన పేరు రాయడానికి మా చేతులు ఆడలేదు. అయినా పాఠం కాబట్టి రాస్తున్నాం: లంజదిబ్బ. భట్టిప్రోలు దిబ్బకూ అదే పేరు. కట్టినవారు ఎవరో మరచిపోయాక, ఎవరో ఆటకత్తె మేడ కూలిందని కథ అల్లుకున్నారు. అక్కడ ఉన్నది భిక్షువులు, ఉపాసకులు మొక్కిన స్తూపం. పేరు మాత్రం ఒక ఆడమనిషి మీద తిట్టు.

గుడివాడ నుంచి వచ్చిన మా స్నేహితురాలు ఇన్నాళ్లూ తన ఇంటి గుర్తు చెప్పాల్సి వస్తే ఆ పేరు పలకలేక "దిబ్బ దగ్గర" అని ఆపేసేది. ఇప్పుడు "బౌద్ధ స్తూపం దగ్గర" అని చెబుతోంది. అడిగినవారికి అర్థం కాకపోతే ఆగి, అక్కడ ఏముందో వివరిస్తోంది. పేర్లు మనమూ మార్చగలం. వాడల పేరుతో, కులం పేరుతో మనల్ని పిలిచిన పిలుపులు ఎన్ని లేవు? వాటిలో కొన్నింటిని మన పెద్దలు మార్చారు. మిగిలినవి మన వంతు.

9. చెల్లెళ్లకు అభ్యాసం

ఈ పాఠం చదివాక కింది పనులు చేయండి.

ఒకటి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి పాత గుడిలో స్తంభాలు చూడండి. ఆడే బొమ్మ ఉంటే పాదాలు, నడుము, చేతులు, చుట్టుపక్కలు రాసుకుని రండి. రాయి మీద సున్నం, రంగు పూసి ఉంటే గీకవద్దు.

రెండు, మీ నాయనమ్మను, అమ్మమ్మను అడిగి మీ ఊళ్లో ఆడిన ఆటల పేర్లు రాయండి. కోలాటం, చెక్కభజన, చిందు, ఏదైనా సరే. ఎవరు ఆడారో వారి పేర్లు కూడా రాయండి. రామప్ప శిల్పులు రాయకుండా వదిలింది ఆ పేర్లే.

మూడు, "సాని" అనే మాట చివర వచ్చే తెలుగు పదాలు వెతికి, ఏది గౌరవం, ఏది అగౌరవం, ఎందుకు అలా అయిందో తెలుగు మేడమ్‌తో చర్చించండి.

ఈ ఏడాది వార్షికోత్సవం ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్లింది. ఐదో అంశం కూచిపూడి తరంగం. చెల్లి మళ్లీ సాధన మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదింటికి డైనింగ్ హాల్లో ఇత్తడి పళ్లెం చప్పుడు వినబడుతోంది. పాత విద్యార్థినులైన అక్కలందరూ తప్పక రావాలని, ముందు వరుసలో కూర్చోవాలని కోరుతున్నాం. పోయిన ఏడాది ఆ మాట అన్న పెద్దమనిషికి కూడా ఆహ్వానం పంపించాం. దానితో పాటు ఈ సంచిక ఒకటి జతచేశాం.